చన్నీళ్ళు - ఎవరి హద్దు వారిది



పొద్దున్నే గీజరు పనిచెయ్యకపోతే ఇంటిల్లిపాదీ నా మీద విసుక్కునే కొంప మాది. అలాంటి ఇంట్లో ఉన్నదాన్ని, మంచు నీళ్ళలాంటి సముద్రంలో మునిగేవాళ్ళ సంగతి చెబుతానంటే, ఈవిడకి వేరే విషయమే దొరకలేదా అనుకుంటారేమో. ఆమధ్య మా అక్క కూతురు ఫోను చేసి చెప్పిన ముచ్చట వినకపోతే నేనూ ఈ జోలికి వచ్చేదాన్ని కాదు.

ఆ అమ్మాయి అమెరికాలో సియాటిల్ అనే ఊళ్ళో ఉద్యోగం చేస్తోంది. ఆ ఊరి పక్కనే ప్యూజెట్ సౌండ్ అని సముద్రపు పాయ ఒకటి భూమిలోకి చొచ్చుకుని వచ్చింది. వేసవి లేదు, శీతాకాలం లేదు, లోపలి నీళ్ళు ఎప్పుడూ ఏడు, ఎనిమిది డిగ్రీల నుంచి పన్నెండు, పదమూడు డిగ్రీల దాకా ఉంటాయిట. మన ఫ్రిజ్‌లో మంచినీళ్ళ సీసా కంటే కాస్త నయం, అంతే. ఆ నీళ్ళలో ఈ పిల్ల స్కూబా నేర్చుకుంటోంది. స్కూబా అంటే వీపున గాలి సిలిండరు కట్టుకుని, నోట్లో గొట్టం పెట్టుకుని, నీళ్ళ అడుగున ఊపిరి పీలుస్తూ ఈదడం. 1943లో ఫ్రాన్సులో కూస్తో, గాన్యాన్ అనే ఇద్దరు కలిసి దీనికి పనికొచ్చే పరికరం తయారుచేశాక, నౌకాదళం వాళ్ళే కాకుండా మామూలు మనుషులు కూడా సరదాగా దిగడం మొదలుపెట్టారు. ఇప్పుడు మన విశాఖపట్నంలో కూడా నేర్పుతున్నారు.

"పిన్నీ, మొన్న మూడోసారి దిగినప్పుడు భలే పని అయింది," అంటూ మొదలుపెట్టింది. ఇరవై నిమిషాలయ్యేసరికి పళ్ళు టకటకలాడాయిట. పక్కన ఉన్నవాళ్ళెవరికీ చలి వేస్తున్నట్టు లేదు. తను ఒక్కత్తే వణుకుతున్నానని చెప్పడం నామోషీ అనిపించి ఊరుకుంది. నీళ్ళలో మాటలుండవు కదా, చేతి సైగలే. బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుడితే 'బాగానే ఉన్నాను' అని అర్థం. నేర్పే ఆవిడ ఎలా ఉన్నావని అడిగింది. ఈ పిల్ల సున్నా చుట్టబోయింది, వేళ్ళు కలవలేదు! బాగానే ఉన్నానని అబద్ధం చెబుదామన్నా చెయ్యి సాయం రాలేదన్నమాట. ఆవిడ వెంటనే బొటనవేలు పైకెత్తి చూపించింది. మనం గెలుపుకి వాడే ఆ గుర్తు వాళ్ళ భాషలో 'ఇక పైకి పద' అని. గట్టుకి వచ్చాక నడుము పటకా తీసుకోవడం కూడా చేతకాలేదుట. ఇదంతా నవ్వుతూనే చెప్పింది కానీ, నాకు మాత్రం గుండె ఝల్లుమంది. ఎందుకంటే నాకు గంగోత్రి జ్ఞాపకం వచ్చింది.

2018లో మా అత్తగారిని తీసుకుని చార్‌ధామ్ యాత్రకి వెళ్ళాం. గంగోత్రిలో భాగీరథి అంటే అప్పుడే కరిగిన మంచు. అక్కడి పంతులుగారు "పెద్దావిడ కదమ్మా, చెంబుతో నాలుగు చుక్కలు చల్లుకుంటే చాలు" అన్నారు. ఆవిడ వినలేదు. ఇంత దూరం వచ్చి మునక వెయ్యకపోవడమేమిటని గొలుసు పట్టుకుని ఒక్కసారిగా మునిగారు. లేచేసరికి నోరు తెరుచుకుని ఉంది, మాట లేదు. గోవిందా అనబోతే 'గో' దగ్గరే ఆగిపోయింది. గాలి గుటకలు గుటకలుగా లోపలికి వెళుతోంది కానీ బయటికి రావడం లేదు. నేనూ మా వారూ చెరో జబ్బా పట్టుకుని లాగాం. దేవుడి దయవల్ల రెండు నిమిషాల్లో తేరుకున్నారు. భక్తితో ఒళ్ళు పులకరించిందని ఆవిడ ఇప్పటికీ చెబుతూ ఉంటారు. అది కాదని ఈ ప్రసంగం కోసం నాలుగు పుస్తకాలు తిరగేశాక తెలిసింది. ఆవిడకి మాత్రం చెప్పలేదు.

ముందు అసలు నీళ్ళకి మన మీద అంత పగ ఏమిటో చూద్దాం. పొయ్యి మీద పులుసు మరుగుతున్నప్పుడు అందులో స్టీలు గరిటె వదిలేస్తే కాసేపటికి పట్టుకోలేం. చెక్క గరిటె అయితే ఎంతసేపున్నా పట్టుకోవచ్చు. వేడిని దాటించే గుణం స్టీలుకి ఎక్కువ, చెక్కకి తక్కువ. గాలికీ నీటికీ కూడా ఇదే తేడా. నీరు గాలి కంటే సుమారు పాతిక రెట్లు జోరుగా వేడిని దాటిస్తుంది. ఇరవై అయిదు డిగ్రీల గదిలో చీర కట్టుకుని హాయిగా కూచుంటాం. ఇరవై అయిదు డిగ్రీల నీళ్ళలో గంటసేపు కదలకుండా కూచోండి చూద్దాం, పెదవులు నల్లబడతాయి. మన ఒంటి లోపల 37 డిగ్రీలు. కదలకుండా ఉన్న మనిషికి చల్లగానూ వేడిగానూ లేకుండా సరిపోయే నీరు 33, 34 డిగ్రీల దగ్గర ఉంటుందిట. అంతకి తగ్గితే అప్పు మొదలైనట్టే. ఎంత తగ్గితే అంత వడ్డీ. విశాఖ సముద్రం ఏడాది పొడుగునా పాతిక, ముప్ఫై డిగ్రీల మధ్య ఉంటుంది. అయినా అక్కడ దిగేవాళ్ళు కూడా పల్చటి రబ్బరు దుస్తులు తొడుక్కునేది ఇందుకే.

ఈ చలిని మన శరీరం ఎలా ఎదుర్కొంటుందో చూస్తే నాకు నెలాఖరు సంసారం గుర్తొచ్చింది. డబ్బు చాలనప్పుడు మనం ఏం చేస్తాం? సినిమాలు మానేస్తాం, చీర వాయిదా వేస్తాం, పాలూ బియ్యమూ మాత్రం ఆపం. శరీరమూ అంతే. చేతులకీ కాళ్ళకీ పోయే నెత్తురు తగ్గించేసి, గుండె, ఊపిరితిత్తులు, మెదడు ఉన్న చోట వేడిని దాచుకుంటుంది. అందుకే ముందు వేళ్ళు మొద్దుబారతాయి. మా పిల్ల వేళ్ళు కలవకపోవడానికి కారణం అదే. చలిలో ఉన్న మనిషి బొటనవేలితో అదే చేతి చిటికెన వేలిని తాకలేకపోతే వెంటనే పైకి తీసుకురావాలని అనుభవం ఉన్నవాళ్ళు చెబుతారు. (రేడియోలో చెప్పడానికి మొహమాటపడి ఒక ముక్క వదిలేశాను, అచ్చులో చెప్పొచ్చు కాబట్టి చెబుతున్నాను. అలా లోపలికి తోసిన నెత్తురు ఎక్కువైందనుకుని శరీరం నీటిని బయటికి పంపిస్తుంది. చన్నీళ్ళలో దిగిన కాసేపటికే పనిమీద వెళ్ళాల్సి రావడం అందుకే. నీళ్ళు తాగడం మానేస్తే ఆ ఇబ్బంది ఉండదనుకోవడం తెలివితక్కువ. ఒంట్లో నీరు తగ్గితే అది ఇంకో ప్రమాదం.)

చల్లటి నీళ్ళలో పడిన మనిషికి ఏ ప్రమాదం ఎప్పుడు వస్తుందో గుర్తుపెట్టుకోవడానికి ఒక లెక్క ఉంది: ఒక నిమిషం, పది నిమిషాలు, ఒక గంట. మొదటి నిమిషంలో వచ్చేది మా అత్తగారికి వచ్చినది. చర్మానికి చల్లదనం హఠాత్తుగా తగిలితే మనిషి తన ప్రమేయం లేకుండానే ఒక్క పెద్ద గుటక గాలి పీలుస్తాడు. తరవాత ఎగఊపిరి, దాంతోపాటు గుండె దడ, రక్తపోటు పెరగడం. ఆ మొదటి గుటక తల నీళ్ళలో ఉండగా వచ్చిందా, గాలికి బదులు నీళ్ళే లోపలికి పోతాయి. చల్లటి చెరువుల్లో ఈత బాగా వచ్చినవాళ్ళు కూడా గట్టుకి నాలుగడుగుల దూరంలో మునిగిపోవడానికి చాలాసార్లు ఇదే కారణం. గుండె జబ్బున్న పెద్దవాళ్ళకి అసలు గండం ఈ నిమిషమే. నిమిషం, మహా అయితే రెండు మూడు నిమిషాలు ఓర్చుకుంటే అది దానంతటదే సర్దుకుంటుంది.

పది నిమిషాల దగ్గర చేతులూ కాళ్ళూ చెప్పిన మాట వినవు. ఇక గంట అంటే లోపలి వేడి కూడా తగ్గిపోయి మనిషి స్పృహ తప్పే దాకా పట్టే కాలం. ఇవన్నీ గడ్డకట్టబోయే నీళ్ళలో మామూలు బట్టలతో పడ్డవాళ్ళ లెక్కలు. చలికి మనిషి ఠపీమని చచ్చిపోతాడని మనం అనుకుంటాం కానీ, అసలు చలి వల్ల పోవడానికి చాలాసేపు పడుతుంది. ముందు రెండు మెట్ల దగ్గరే ఎక్కువమంది పోతారు.

లోపలి వేడి 37 నుంచి 35కి దిగితే దాన్ని డాక్టర్లు ప్రమాదంగా లెక్క కడతారు. రెండే డిగ్రీలు! జ్వరం వచ్చి రెండు డిగ్రీలు పెరిగితే మనం ఎంత కంగారు పడతామో, తగ్గినప్పుడూ అంత కంగారు పడాలి. 35 దగ్గర మనిషి గజగజ వణుకుతాడు. ఆ వణుకు మంచిదే, కండరాలు ఊరికే ఆడి వేడి పుట్టిస్తున్నాయన్నమాట. మాట ముద్దముద్దగా వస్తుంది, విసుగు, మతిమరుపు, ఏమీ పట్టనట్టు కూచోవడం ఉంటాయి. 32కి దగ్గరపడేసరికి వణుకు ఆగిపోతుంది. పక్కనున్నవాళ్ళు "హమ్మయ్య, వణుకు తగ్గింది" అనుకుంటారు. తగ్గలేదమ్మా, పొయ్యిలో కట్టెలైపోయాయి. ఇంకో చిక్కేమిటంటే ఈ స్థితిలో ఉన్న మనిషికి తన స్థితి తనకి తెలియదు. అందుకే స్కూబా వాళ్ళు ఎప్పుడూ ఇద్దరిద్దరుగా దిగుతారు.

ఇప్పుడు అసలు కథకి వస్తాను. చన్నీళ్ళలో మునగడం గురించి శాస్త్రజ్ఞులకి తెలిసిన సంగతుల్లో మంచి వాటా మనలాంటి ఆడవాళ్ళ దగ్గర నేర్చుకున్నదే. కొరియా దేశానికి దక్షిణాన చేజు అని ఒక దీవి ఉంది. అక్కడ హేన్యో అనే స్త్రీలు, అంటే సముద్రపు ఆడవాళ్ళని అర్థం, వందల ఏళ్ళుగా సముద్రంలో మునిగి చిప్పలూ, నత్తలూ, తినే నాచూ ఏరుకొచ్చి సంసారాలు లాగుతున్నారు. సిలిండర్లూ గొట్టాలూ ఏమీ లేవు, ఒక్క గుక్క ఊపిరి. పదడుగులా పాతికడుగులా అని చూడకుండా దిగి, పైకి వచ్చి ఈల వేసినట్టు శబ్దం చేస్తూ గాలి వదులుతారు. ఆ ఈల వినబడితే గట్టు మీదవాళ్ళకి ఫలానా మనిషి క్షేమంగా తేలిందని గుర్తు. తేలడానికి వాళ్ళు పట్టుకునేది ఏమిటనుకున్నారు? ఎండిన సొరకాయ బుర్ర! మన పల్లెటూళ్ళలో పిల్లలకి ఈత నేర్పడానికి నడుముకి కట్టేవాళ్ళు చూడండి, అలాంటిదే. దాని కింద వలసంచీ వేలాడుతుంది. ఏరినదంతా అందులో. ఇప్పుడు బుర్రల స్థానంలో థర్మోకోల్ లాంటి తేలికపాటి బెండు వచ్చింది.

1970లు వచ్చేదాకా వాళ్ళ దుస్తులు పల్చటి నూలు గుడ్డతో కుట్టినవి. ఆ గుడ్డతోనే శీతాకాలంలో పది డిగ్రీల నీళ్ళలోకి దిగేవారు. అదీ కడుపుతో ఉన్నా సరే, నెలలు నిండేదాకా. గొప్ప చెప్పడానికి ఈ మాట అనడం లేదు. దిగకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు, అందుకని దిగారు.

1960లలో కొరియా శాస్త్రజ్ఞుడు సుక్ కి హాంగ్, అమెరికాలోని హెర్మన్ రాన్, వాళ్ళతో పనిచేసినవాళ్ళూ ఈ స్త్రీలని శ్రద్ధగా పరీక్షించారు. నీళ్ళలోంచి రాగానే లోపలి వేడి కొలిచారు, పీల్చే గాలి కొలిచారు, తిండి కొలిచారు. తేలిందేమిటంటే, ఎండాకాలమైనా శీతాకాలమైనా వాళ్ళు పని ఆపి గట్టెక్కేది లోపలి వేడి దాదాపు 35 డిగ్రీలకి దిగినప్పుడే. ఎండాకాలంలో అక్కడికి దిగడానికి గంట పట్టేది, శీతాకాలంలో పావుగంట. చేతికి గడియారం లేదు, థర్మామీటరు లేదు. ఒళ్ళే చెప్పేది. ఎంత చలికి వెనక్కి రావాలో వాళ్ళకి అంత ఖచ్చితంగా తెలుసు. పక్క ఇళ్ళలో నీళ్ళలోకి దిగని ఆడవాళ్ళతో పోలిస్తే వీళ్ళ తిండి రోజుకి వెయ్యి కాలరీలు ఎక్కువ. రెండువేలకి మూడువేలు. ఆ వెయ్యీ ఒంటికి పట్టేది కాదు, సముద్రం పట్టుకుపోయేది. శీతాకాలంలో, ఊరికే పడుకుని ఉన్నప్పుడు కూడా వాళ్ళ ఒంట్లో వేడి పుట్టించే మంట సుమారు 30 శాతం పెరిగేది. దిగని ఆడవాళ్ళలో ఈ మార్పు లేదు. ఒకే ఊరు, ఒకే వంశం, ఒకే తిండి అలవాట్లు కాబట్టి ఇది పుట్టుకతో వచ్చింది కాదనీ, ఏళ్ళతరబడి చలికి ఒగ్గగా ఒగ్గగా వచ్చిందనీ అర్థమైంది. మిగతావాళ్ళకి వణుకు పుట్టించే నీళ్ళు వాళ్ళకి వణుకు పుట్టించేవి కావు.

గట్టు మీద వాళ్ళకో చోటుంది. రాళ్ళు గుండ్రంగా పేర్చి మధ్యలో మంట వేసుకుంటారు. బుల్తోక్ అంటారు. బట్టలు మార్చుకోవడం, ఒళ్ళు కాచుకోవడం, పసిపిల్లలకి పాలివ్వడం, కబుర్లు, తగవులు, కొత్తవాళ్ళకి పాఠాలు అన్నీ అక్కడే. నేర్పుని బట్టి వాళ్ళలో మూడు తరగతులు. అందరికంటే ఆరితేరినవాళ్ళకి పొగ రాని వైపు కూచునే హక్కు. మన పెళ్ళిళ్ళలో బంతి భోజనాల దగ్గర పెద్దవాళ్ళని ఎక్కడ కూచోబెట్టాలని పడే తర్జనభర్జన గుర్తొచ్చి నవ్వుకున్నాను. ఏ రోజు దిగాలి, ఎప్పుడు ఆపాలి అన్నది కూడా ఆ మంట చుట్టూ కూచుని అనుకునేదే. కొత్త పిల్ల వణుకు దాచుకుందామన్నా అక్కడ దాగదు.

1970ల మధ్య నుంచి రబ్బరు దుస్తులు వచ్చాయి. పావుగంట పని రెండు మూడు గంటలైంది. రాబడి పెరిగింది. సంతోషించాల్సిన విషయమే. శాస్త్రజ్ఞులు మళ్ళీ వెళ్ళి పరీక్షించారు. 1980ల మొదటికల్లా ఆ స్త్రీలలో చలిని తట్టుకునే ప్రత్యేక గుణాలు మాయమైపోయాయి! వందల ఏళ్ళ అలవాటు పదేళ్ళు కూడా నిలవలేదు. ఒంట్లో మంట మామూలు మనుషుల స్థాయికి వచ్చేసింది. ఈ ముక్క చదివి నేను కాసేపు పుస్తకం మూసేశాను. ఆ గుణాలు పోయాయని బాధపడాలా, ఆ గుణాల అవసరం పోయిందని సంతోషించాలా? కడుపుతో ఉన్న మనిషి నూలు గుడ్డతో పది డిగ్రీల నీళ్ళలో దిగడం ఎవరికి ముద్దు? నాకైతే రబ్బరు దుస్తులే ముద్దు. అయితే గంటలు పెరిగాక వాళ్ళకి చెవి పోటు, తలనొప్పి, కీళ్ళ నొప్పులు మాత్రం ఉన్నాయి. 1960లలో చేజులో వీళ్ళు ఇరవై వేలకి పైమాటే, ఇప్పుడు మూడు వేల లోపు. ఉన్నవాళ్ళలో చాలామంది అరవై దాటినవాళ్ళు, డెబ్భై దాటి కూడా దిగుతున్నవాళ్ళున్నారు. 2016లో యునెస్కో వాళ్ళ సంస్కృతిని మానవాళి వారసత్వంలో చేర్చింది.

రబ్బరు దుస్తులంటే రెయిన్‌కోటు కాదు. వాటిలోకి నీరు వస్తుంది! చర్మానికీ రబ్బరుకీ మధ్య పల్చటి పొరలా నీరు చేరి, ఒంటి వేడికి అది కాస్త వెచ్చబడి అక్కడే నిలుస్తుంది. అసలు కాపు కాసేది రబ్బరులోని గాలి బుడగలు. స్పాంజి కేకులో ఉంటాయే అలాంటివి. 1952 ప్రాంతాల్లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో హ్యూ బ్రాడ్నర్ అనే భౌతిక శాస్త్రజ్ఞుడు ఈ ఆలోచన చేశాడు. ఒళ్ళు తడవకపోవడం ముఖ్యం కాదు, తడిసిన నీరు కదలకపోవడం ముఖ్యం అని ఆయన కనిపెట్టిన కిటుకు. అందుకే కొలత సరిగ్గా లేని సూటు ఎంత ఖరీదైనా దండగ. పొడుగాటివాళ్ళకీ పొట్టివాళ్ళకీ ఒకే రవిక కుట్టినట్టే. ఇంకో మెలిక ఉంది. పది మీటర్ల లోతుకి దిగేసరికి ఒత్తిడి రెండింతలై బుడగలు సగానికి చిక్కిపోతాయి. అంటే చలి ఎక్కువగా ఉన్న లోతులోనే దుప్పటి పల్చబడుతుంది. వెచ్చటి సముద్రాలకి మూడు మిల్లీమీటర్ల మందం చాలు, చల్లటివాటికి ఏడు. ఇంకా చల్లగా ఉంటే డ్రై సూటు అని వేరే ఉంది. అందులోకి నీరు రాదు, లోపల ఉన్ని బట్టలు వేసుకుంటారు. ఐస్‌లాండ్‌లో సిల్ఫ్రా అనే చీలికలో ఏడాదంతా నీరు రెండు నుంచి నాలుగు డిగ్రీలు. అక్కడ ఇదే దిక్కు.

ఒళ్ళు కాచుకున్నా పరికరం చలికి లొంగవచ్చు. సైకిలు టైరు గాలి వదిలినప్పుడు వాల్వు దగ్గర వేలు పెడితే చల్లగా తగులుతుంది కదా. సిలిండరులో కుక్కి పెట్టిన గాలి ఒక్కసారిగా వ్యాకోచించినప్పుడూ అంతే. పది డిగ్రీల కంటే చల్లటి నీళ్ళలో రెగ్యులేటరు లోపల మంచు కట్టి, వాల్వు మూసుకోకుండా గాలంతా బుసబుసా పోయే ప్రమాదం ఉంది. అందుకని చన్నీళ్ళకి తయారుచేసిన రెగ్యులేటర్లు వేరే ఉంటాయి, నేర్చుకోవడమూ వేరే నేర్చుకోవాలి. పైగా పీల్చే ఆ పొడి గాలి లోపలినుంచి కూడా వేడిని తోడేస్తుంది.

మరి మనిషి హద్దు ఎంత? దీనికి అందరికీ కలిపి ఒక అంకె చెప్పడం కుదరదు. లిన్ కాక్స్ అనే అమెరికా వనిత 1987లో అలాస్కాకీ రష్యాకీ మధ్య బేరింగ్ జలసంధిలో, ఏడు డిగ్రీలకి మించని నీళ్ళలో, మామూలు ఈత దుస్తులతో రెండు గంటలకి పైగా ఈదింది. మన ఉదయపూర్ అమ్మాయి భక్తి శర్మ 2015 జనవరిలో అంటార్కిటికా దగ్గర ఒక్క డిగ్రీ నీళ్ళలో 41 నిమిషాలు ఈది, రెండు కిలోమీటర్ల పైన వెళ్ళింది. వాళ్ళని చూసి నేనూ అనుకుంటే మొదటి నిమిషంలోనే నా కథ కంచికి చేరుతుంది. ఏళ్ళ సాధన, పక్కనే పడవ, డాక్టర్లు, ఇవన్నీ ఉంటాయి వాళ్ళ వెనక.

ఒంటి మీద కాస్త కొవ్వు ఉన్నవాళ్ళు చలికి ఆగుతారు. జీవితంలో మొదటిసారి నా ఒళ్ళు నాకు మేలు చేస్తుందని ఇక్కడ చదివాను! సన్నంగా చిన్నగా ఉన్నవాళ్ళు, పిల్లలు త్వరగా చల్లబడతారు. చిన్న గిన్నెలో కాఫీ త్వరగా చల్లారినట్టు. మా అక్క కూతురు గాలేస్తే ఎగిరిపోయే పిల్ల. తిండి సరిగ్గా తిననివాళ్ళకి, నిద్ర చాలనివాళ్ళకి, ముందు రోజు అలసినవాళ్ళకి హద్దు తగ్గుతుంది. మన ఆడవాళ్ళలో ఎక్కువగా ఉండే రక్తహీనత, థైరాయిడ్ తక్కువగా ఉండటం, ఈ రెండూ చలిని పెంచుతాయి. ఇంట్లో అందరికీ ఫ్యాను కావాలి, మీకొక్కరికే దుప్పటి కావాలి అనుకోండి, ఒకసారి రక్తం పరీక్ష చేయించుకోండి. సముద్రంలోకి దిగకపోయినా పనికొస్తుంది. ఒకే మనిషికి కూడా నిన్నటి హద్దు ఇవాళ ఉండదు. రోజులో రెండోసారి దిగితే మొదటిసారి పోగొట్టుకున్న వేడి ఇంకా పూర్తిగా తిరిగి రాకుండానే దిగినట్టు.

అలవాటు చేసుకోవచ్చా అంటే కొంతవరకు చేసుకోవచ్చు. రెండు మూడు నిమిషాల చొప్పున అయిదారుసార్లు చన్నీళ్ళలో దిగితే ఆ మొదటి ఎగఊపిరి సుమారు సగానికి తగ్గుతుందిట. కానీ అలవాటైనవాళ్ళకి చలి తెలియడం తగ్గుతుంది, చల్లబడటం తగ్గదు. ఇదే తిరకాసు. చలి వెయ్యడం లేదంటే చల్లబడలేదని అర్థం కాదు.

ఇక నీళ్ళలోంచి బయటికి తీసిన మనిషికి మనం చేసే ఉపచారాల్లో సగం అపచారాలే. చేతులూ కాళ్ళూ గట్టిగా రుద్దకూడదు. బ్రాందీ పొయ్యకూడదు. ఒళ్ళు వెచ్చబడ్డట్టు అనిపిస్తుంది కానీ చర్మంలోకి నెత్తురు వచ్చి ఉన్న వేడీ పోతుంది. వెంటనే వేణ్ణీళ్ళు దిమ్మరించడం, లేచి పరుగెత్తమనడం కూడా వద్దు. బయటికి వచ్చాక కూడా కాసేపు లోపలి వేడి ఇంకా దిగుతూనే ఉంటుంది. పడుకోబెట్టి, తడి బట్టలు తీసేసి, పొడి దుప్పట్లు తలతో సహా కప్పి, గాలి తగలకుండా చూసి, స్పృహలో ఉండి మింగగలిగితే తియ్యటి వెచ్చటి పానీయం ఇవ్వాలి. వణుకు లేకుండా మత్తుగా ఉంటే ఆస్పత్రికే.

తీర్థాలకి వెళ్ళేవాళ్ళు, ముఖ్యంగా పెద్దవాళ్ళని వెంటబెట్టుకుని బదరీ, కేదారం వైపు వెళ్ళేవాళ్ళు మునకకి ముందు కాళ్ళు తడిపి, చేతులు, మొహం, మెడ తడిపి, గాలి వదులుతూ మెల్లిగా దిగమని చెప్పండి. గుండె జబ్బున్నవాళ్ళకి చెంబే గంగ. మా ఇంట్లో ఆ మాట చెప్పే ధైర్యం అప్పుడు నాకు లేకపోయింది, కోడలిని కదా.

స్కూబా వాళ్ళలో ఒక పద్ధతి ఉందిట. ఎవరైనా, ఎప్పుడైనా, ఏ కారణానికైనా బొటనవేలు ఎత్తితే ఆ జట్టంతా పైకి రావాల్సిందే. నీళ్ళలో ఎందుకని అడగకూడదు, గట్టెక్కాక దెప్పకూడదు. మా పిల్లకి ఇది మొదటి రోజే చెప్పారు. వినడం వేరు, చెయ్యి ఎత్తడం వేరు. ఆ సంగతి జరిగాక నేను చాకలి పద్దు రాసుకున్నట్టు ఒక పుస్తకం పెట్టుకోమన్నాను. నీళ్ళు ఎన్ని డిగ్రీలు, ఏ సూటు, పొద్దున ఏం తిన్నావు, ఎన్నో నిమిషానికి వేళ్ళు మొద్దుబారాయి, ఎన్నో నిమిషానికి వణుకు, అన్నీ రాయమన్నాను. రాస్తోంది. ఏడు మిల్లీమీటర్ల సూటుతో పది డిగ్రీల్లో తన హద్దు అరగంట లోపే అని తేలింది. జట్టులో మిగతావాళ్ళది ముప్పావుగంట.

పోయిన ఆదివారం ఫోను చేసింది. "పిన్నీ, ఇవాళ ఇరవై రెండో నిమిషానికే బొటనవేలు ఎత్తేశాను. పైకి వచ్చాక మాతో ఉన్న పెద్ద ఒడ్డూపొడుగూ ఆసామీ ఒకాయన నా దగ్గరికొచ్చి థాంక్స్ చెప్పాడు. పది నిమిషాల నుంచీ ఆయన వేళ్ళు కూడా కలవడం లేదుట."